షబానా, సత్తార్, సైఫీ: ఒక వారం బొమ్మలు

దీపా మెహతా సినిమా 'ఫైర్' 1998 నవంబరులో మన దేశంలో విడుదలైంది. ఒకే ఇంటి తోడికోడళ్ల మధ్య పుట్టిన ప్రేమ దాని కథ. ఇంగ్లీషు ప్రతిలో వాళ్ల పేర్లు రాధ, సీత. డిసెంబరు మొదటి వారంలో శివసేన వాళ్లు బొంబాయిలోనూ ఢిల్లీలోనూ ఆ సినిమా ఆడుతున్న హాళ్ల మీద పడ్డారు. అప్పుడు బాల్ ఠాక్రే ఒక షరతు పెట్టాడు. ఆ ఇద్దరి పేర్లూ షబానా, సైరా లాంటి పేర్లుగా మారిస్తే తన అభ్యంతరం వదులుకుంటానన్నాడు. ఆ పేర్లు గాల్లోంచి ఊడిపడలేదు. సినిమాలో నటించింది షబానా ఆజ్మీ. సినిమా తరఫున సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో ఒకరు దిలీప్ కుమార్, ఆయన భార్య సైరా బానూ. తెర మీద బతకడానికి హిందూ పేరు పెట్టుకున్న ఆ యూసుఫ్ ఖాన్ ఇంటి ముందు శివసైనికులు బట్టలిప్పి లోదుస్తులతో నిలబడ్డారు.

ఈ షరతును మనం రెండుసార్లు చదవాలి. మొదటిసారి చదివితే ముస్లింల మీద ద్వేషం కనిపిస్తుంది. అది మనకు కొత్త కాదు. రెండోసారి చదివితే ఆ ప్రేమను ఆయన మురికిగా లెక్కగట్టి మన వాకిట్లో పారబోయమంటున్నాడని తెలుస్తుంది. దీనికి మనవాళ్లు ఎక్కువమంది చెప్పే జవాబు ఏమిటి? 'తౌబా, మాలో అలాంటివాళ్లు లేరు' అని. అంటే అది మురికేనని మనమూ ఒప్పుకున్నట్టే. ఎవరి వాకిట్లో పోయాలన్నదే పేచీ.

ఆ ఏడే తెలుగులో ముస్లిం కవులు 'జల్‌జలా' తెచ్చారు. అప్పటిదాకా తెలుగు సాహిత్యంలో పక్కింటి సాయిబుగానో ప్రాణమిచ్చే స్నేహితుడుగానో ఉన్న మనం మన పేర్లతో, మన యాసతో, మన వంటింటి వాసనలతో వచ్చి కూర్చున్నాం. ఇంట్లోకి రానివ్వమని అడిగి వచ్చినవాళ్లం. మరి మన ఇంట్లోనే వెనక గదిలో కూర్చున్నవాడి సంగతి?

ఇంగ్లీషు పత్రికలు స్వలింగ ప్రేమికుల కోసం వారం వారం చూడదగ్గ సినిమాల, టీవీ కార్యక్రమాల జాబితాలు వేస్తుంటాయి. వాటిలో లండన్ ఉంటుంది, న్యూయార్క్ ఉంటుంది. పెడన ఉండదు. అందుకని పెడన నుంచే ఒక జాబితా వేసి చూద్దాం. చూసేవాడు ఎవడంటే, పగలంతా కలంకారీ అద్దకం బల్ల దగ్గర నిలబడి అచ్చు వేసే కుర్రాడు అనుకోండి. రాత్రి ఒకే గదిలో ఆరుగురి మధ్య పడుకుని, దుప్పటి కప్పుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్ చూస్తాడు. లేదా బందరు కాలేజీకి వెళ్లొచ్చే అమ్మాయి అనుకోండి. ఆమెకు రిష్తాలు చూస్తున్నారు. వీళ్లకు సినిమా కాలక్షేపం ఒక్కటే కాదు. తనలాంటివాళ్లు లోకంలో ఇంకొకరున్నారని తెలుసుకునే దారి.

మాటల సంగతి ముందే చెప్పుకోవాలి. తెలుగు పత్రికలు చాలాకాలం వాడిన 'స్వలింగ సంపర్కులు' అనే మాట మనిషిని పడకకు కుదించేస్తుంది. వీధిలో వాడే 'తేడా', 'కొజ్జా' సంగతి చెప్పక్కర్లేదు. ఉర్దూలో 'హమ్‌జిన్స్' అంటే ఒకే జిన్స్ వాళ్లని మాత్రమే అర్థం, దానికి తగిలించే తోకల్లోనే తిట్టు ఉంటుంది. మగవాణ్ని ప్రేమించే మగవాడు వేరు, హిజ్రా వేరు. కానీ తెలుగు సినిమా ఇద్దర్నీ ఒకే గోతంలో కట్టింది. కాబట్టి ఈ జాబితాలో ఇద్దరూ ఉంటారు.

ఏ బొమ్మ చూసినా నేను అడిగేవి మూడే ప్రశ్నలు. ఆ మనిషికి పేరుందా? ఇల్లూ పనీ ఉన్నాయా? చివరిదాకా బతికే ఉన్నాడా? ముస్లిం పాత్ర గురించి మనం ఇన్నాళ్లూ అడుగుతున్నవి ఇవే. 'ఖడ్గం' (2002)లో ప్రకాష్ రాజ్ వేసిన అంజద్ ఆటో నడుపుకునే మంచివాడే. అయితే తమ్ముడు టెర్రరిస్టు అయిన పాపానికి తన మంచితనాన్ని అడుగడుగునా రుజువు చేసుకోవాలి. ఆ బరువు ఎలా ఉంటుందో మనకు తెలుసు.

శుక్రవారం: కాంచన

మనకు జుమ్మా, సినిమావాళ్లకు రిలీజు రోజు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడగలిగినదాంతో మొదలుపెడదాం. రాఘవ లారెన్స్ 'కాంచన' (2011) తమిళం నుంచి వచ్చి తెలుగునాట విరగబడి ఆడింది. అందరూ దయ్యం సినిమాగా చూశారు. దయ్యం వెనక కథను మళ్లీ చూడండి. హిజ్రా అయినందుకు కన్నవాళ్లు గెంటేస్తే కాంచనను తన ఇంట్లో పెట్టుకున్నది ఒక ముస్లిం, మతి ఎదగని కొడుకున్న పేదవాడు. భూమి కోసం రాజకీయ నాయకుడు ముగ్గుర్నీ చంపించి ఒకే నేలలో పూడ్పిస్తాడు. మన వ్యాపార సినిమా ఎప్పుడూ చెప్పని నిజం ఇందులో ఉంది. ఊరు వెలివేసిన ఇద్దరు ఒకే కప్పు కింద బతకడం, ఒకే గోతిలో పడటం. శరత్ కుమార్ కాంచనను ఎక్కడా వెకిలి చెయ్యకుండా వేశాడు. నా ఫిర్యాదల్లా ఒకటే. వాళ్లకు న్యాయం దొరకాలంటే ముందు చచ్చి దయ్యాలు కావాలి.

హిందీలో దీన్నే 2020లో అక్షయ్ కుమార్‌తో తీశారు. హీరోను ఆసిఫ్ అనే ముస్లింగా మార్చారు. పెట్టిన పేరు 'లక్ష్మీ బాంబ్' అయితే గొడవ లేచి పేరు కత్తిరించుకోవలసి వచ్చింది. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా తగాదా పేర్ల దగ్గరే మొదలైంది.

శనివారం: టీవీ

పెడనలో అచ్చులు టేకు చెక్కతో చేస్తారు. ఒకసారి చెక్కితే అదే పువ్వు వేల గజాల బట్ట మీద పడుతుంది. తెలుగు సినిమా కూడా ఒక అచ్చు చెక్కింది. మాడా వెంకటేశ్వరరావు మంచి నటుడు. 'చిల్లరకొట్టు చిట్టెమ్మ' (1977)లాంటి సినిమాల్లో ఆడంగి వేషాలు వేశాక ఆయన ఇంటిపేరే తిట్టయి కూర్చుంది. ఆయన 2015లో పోయాడు, తిట్టు పోలేదు. బడిలో మెత్తగా మాట్లాడే పిల్లాడికి ఇప్పటికీ ఆ పేరు పెడతారు. ఒక నటుడి ఇంటిపేరు ఇన్ని వేలమంది పిల్లల ఒంటి మీద వాతగా పడిన చోటు ఇంకెక్కడైనా ఉందా?

ఆ అచ్చునే 2013లో మొదలైన 'జబర్దస్త్' టీవీలోకి తెచ్చింది. మగాళ్లు చీరలు కట్టి వారం వారం తన్నులు తింటారు, జనం నవ్వుతారు. వాళ్లలో సాయితేజ అనే పేరుతో ఆడవేషాలు వేసిన కళాకారిణి 2021లో ప్రియాంకా సింగ్‌గా 'బిగ్‌బాస్' తెలుగు ఐదో సీజనులోకి వచ్చింది. అంతకుముందు 2019లో తమన్నా సింహాద్రి మూడో సీజనులో కనిపించింది. ఆ కార్యక్రమం మీద నాకు గౌరవం లేదు. కొట్లాటలు పెట్టి డబ్బు చేసుకునే వ్యాపారం అది. అయినా శనివారం జాబితాలో ప్రియాంక ఉన్న భాగాలు పెడుతున్నాను. కారణం ఉంది. నవ్వించడానికి చీర కట్టినప్పుడు చప్పట్లు కొట్టిన ఇళ్లే, ఆమె అదే చీరలో అన్నం వండుతూ, అలుగుతూ, నిద్రపోతూ ఉంటే వారాల తరబడి చూడవలసి వచ్చింది. వేషం తీసేస్తే లోపల మగాడుంటాడనే నమ్మకం మీద ఆ నవ్వంతా నడిచింది. ఇక్కడ తీసెయ్యడానికి వేషం లేదు.

ఆదివారం: అ!

ప్రశాంత్ వర్మ మొదటి సినిమా 'అ!' (2018). ఒక హోటల్లో రాధ తన అమ్మానాన్నలకు తను పెళ్లి చేసుకోబోయే మనిషిని పరిచయం చేస్తుంది. వచ్చింది అమ్మాయి. పేరు క్రిష్. ఈషా రెబ్బా, నిత్యా మేనన్ వేశారు. తెలుగులో ఇద్దరు ఆడవాళ్ల ప్రేమను పెద్దవాళ్ల ముందు కూర్చోబెట్టి, వెకిలితనం లేకుండా మాట్లాడించిన సన్నివేశం ఇది. బందరు అమ్మాయి తప్పక చూడాలి.

కానీ చివరిదాకా చూశాక కోపం రావాలి. ఆ సినిమాలోని మనుషులంతా ఒక గాయపడిన అమ్మాయి మనసులో పుట్టిన రూపాలని ఆఖర్న తేలుతుంది. రాధ లేదు, క్రిష్ లేదు. తెలుగు తెర మీద మర్యాదగా కూర్చున్న ఆ జంట, సినిమాలోపల కూడా నిజం కాదు. దర్శకుడి ఉద్దేశం చెడ్డదని నేననను. చిన్నతనంలో హింసకు గురైన ఆడపిల్ల బాధ చెప్పాలనుకున్నాడు. ఆ బాధ చెప్పడానికి ఈ ప్రేమను రోగ లక్షణాల పట్టీలో ఎక్కించాల్సిన అవసరం ఏముంది?

సోమవారం: అలీగఢ్

ఇది మన సంస్థ మీద వచ్చిన సినిమా కాబట్టి ముందు మనమే చూడాలి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించే ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ ఇంట్లోకి 2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరాతో చొరబడ్డారు. ఆయన ఒక రిక్షా కార్మికుడితో ఉన్న దృశ్యాలు తీశారు. చొరబడినవాళ్లను వదిలేసి విశ్వవిద్యాలయం సిరాస్‌ను సస్పెండ్ చేసింది. అప్పటికి ఢిల్లీ హైకోర్టు తీర్పు (2009 జులై) ప్రకారం అది నేరం కూడా కాదు. అలహాబాదు హైకోర్టు ఏప్రిల్ 1న ఆయన పక్షాన నిలిచింది. ఏప్రిల్ 7న ఆయన తన అద్దె గదిలో శవమై కనిపించాడు.

హన్సల్ మెహతా 2016లో విడుదల చేసిన ఈ సినిమాలో మనోజ్ బాజ్‌పాయ్ ఆ ముసలి ఒంటరితనాన్ని దాదాపు మాటల్లేకుండా చూపించాడు. గ్లాసు పట్టుకుని లతా మంగేష్కర్ పాత పాట వింటూ కూర్చునే ఆ దృశ్యం కోసమైనా చూడాలి. ఉర్దూ మాట్లాడే ఊళ్లో మరాఠీ పంతులు, ముస్లిం సంస్థలో హిందువు, సంసారాల మధ్య ఒంటరి. ఇన్ని విధాల మైనారిటీ ఒక్క మనిషే. మైనారిటీ హోదా కోసం దశాబ్దాల తరబడి కోర్టుల్లో పోరాడిన విశ్వవిద్యాలయం తన ఆవరణలోని అతి చిన్న మైనారిటీని ఇలా చూసింది. సినిమా పేరు ఊరి ఇజ్జత్ తీస్తుందని అభ్యంతరాలు లేచాయి. ఇజ్జత్ 2010లోనే పోయింది. సినిమా దాన్ని చూపించిందంతే.

సినిమా మీద కూడా ఒక ప్రశ్న ఉంది. ఆ రిక్షా కార్మికుడు ముస్లిం, పేదవాడు. ప్రొఫెసరుకు విలేఖరి దొరికాడు, వకీలు దొరికాడు, చివరికి సినిమా దొరికింది. ఆ కుర్రాడు ఏమయ్యాడు? కెమెరా అతని ముఖం మీద ఎంతసేపు నిలిచింది? మన వీధుల నుంచి చూస్తే కథ అతని దగ్గర మొదలవుతుంది.

మంగళవారం: డేఢ్ ఇష్కియా

వరసగా ఏడుపు బొమ్మలే చూస్తే మనిషి నిలవడు. మంగళవారం నవ్వుకోవడానికి. అభిషేక్ చౌబే తీసిన 'డేఢ్ ఇష్కియా' (2014)లో నవాబు గారి వితంతువు బేగం పారా స్వయంవరం కోసం ముషాయిరా పెడుతుంది. మాధురీ దీక్షిత్ బేగం, హుమా ఖురేషీ ఆమె చెలికత్తె మునియా. షాయరీ చెప్పి బేగంను గెలుచుకోవాలని నసీరుద్దీన్ షా వస్తాడు. మగాళ్లు కవిత్వంతోనూ తుపాకులతోనూ కొట్టుకుంటూ ఉండగా ఆ ఇద్దరు ఆడవాళ్లూ తమ లెక్క తాము చూసుకుంటారు. గోడ మీద పడిన రెండు నీడలతోనే దర్శకుడు వాళ్ల సంబంధం చెప్పేశాడు. చివరికి ఇద్దరూ బతికే ఉంటారు, కలిసే ఉంటారు. నా మూడు ప్రశ్నలకూ నిండుగా జవాబిచ్చిన బొమ్మ ఇదే. దాని భాష అచ్చమైన ఉర్దూ.

ఆ నీడల్లో ఇస్మత్ చుగ్తాయ్ ఉంది. ఆమె 'లిహాఫ్' కథ 1942లో అచ్చయింది. అశ్లీలమని లాహోరు కోర్టుకు లాగారు, ఆమె గెలిచింది. చుగ్తాయ్ కథలను పి. సత్యవతి తెలుగు చేశారు. ఎ. రేవతి రాసిన హిజ్రా ఆత్మకథనూ ఆమే తెచ్చారు. ఇదంతా పడమటి దేశాల నుంచి వచ్చిన రోగమనే పెద్దలకు ఒక మనవి. గజల్లో ప్రియుణ్ని పుంలింగంలో పిలిచే ఆచారం మన ఉర్దూది. సలీం కిద్వాయ్ అనే లక్నో చరిత్రకారుడు రూత్ వనితతో కలిసి 2000లో తెచ్చిన సంకలనంలో ఈ దేశంలోని ఇలాంటి ప్రేమల రాతలు వేల ఏళ్లవి ఉన్నాయి. కిద్వాయ్ 2021లో పోయాడు. ఆయన పుస్తకం ఉర్దూ చదివిన ప్రతి ఇంట్లో ఉండదగ్గది.

బుధవారం: తంగం, బోల్

ఇవి రెండూ కష్టమైన బొమ్మలు. గుండె దిటవు చేసుకుని, వీలైతే పక్కన ఒక స్నేహితుణ్ని పెట్టుకుని చూడాలి.

తెలుగులో 'గురు' తీసిన సుధా కొంగర తమిళంలో 'పావ కదైగళ్' (2020) అనే నెట్‌ఫ్లిక్స్ కథల సంపుటిలో 'తంగం' తీసింది. సత్తార్ ఒక పల్లెటూరి ముస్లిం ఇంట్లో పుట్టిన హిజ్రా. ఆడదానిగా మారడానికి ఆపరేషన్ కోసం పైసా పైసా కూడబెడుతుంది. తను ప్రేమించిన స్నేహితుడు తన చెల్లెల్ని ప్రేమించాడని తెలిసి ఆ డబ్బు వాళ్లకే ఇచ్చి పంపించేస్తుంది. తర్వాత సత్తార్‌ను ఇల్లు ఆదుకోదు, ఊరు ఆదుకోదు. కాళిదాస్ జయరాం నటన చూశాక సత్తార్ అనే పేరు మనసులోంచి పోదు.

షోయబ్ మన్సూర్ పాకిస్తానీ సినిమా 'బోల్' (2011) లాహోరులో ఒక హకీం ఇంటి కథ. కూతుళ్ల మీద కూతుళ్లు పుట్టాక పుట్టిన సైఫీ ఆడా మగా కాని బిడ్డ. తండ్రికి ముఖం చూపించకుండా తల్లీ అక్కలూ పెంచుతారు. బొమ్మలు వెయ్యడం వచ్చు కాబట్టి లారీలకు రంగులు వేసే పనికి పంపిస్తారు. అక్కడ మగాళ్లు అతన్ని పాడు చేస్తారు. ఇంటికొచ్చాక ఇజ్జత్ పేరుతో తండ్రే ఊపిరాడకుండా చంపేస్తాడు. అద్దకాల ఊరివాళ్లకు సైఫీ చేతిలోని కుంచె పరాయిది కాదు. నాజూకు చేతులున్న పిల్లాడికి పని అప్పగించి, నాజూకు నడకకు తన్నే లోకం మనకు తెలుసు.

రెండు సినిమాలూ నిజాయితీగలవే. కానీ సత్తార్ చస్తుంది, సైఫీ చస్తాడు. మన పేరున్న పాత్రకు చావు తప్ప ఇంకో ముగింపు దొరకదా?

గురువారం: జాయ్‌ల్యాండ్

జుమేరాత్ రాత్రికి సాయిమ్ సాదిక్ తీసిన 'జాయ్‌ల్యాండ్' (2022). పెళ్లయిన హైదర్‌కు లాహోరు నాటకశాలలో బీబా అనే హిజ్రా నర్తకి వెనక ఆడే పని దొరుకుతుంది. ఆమె మీద మనసు పడతాడు. కాన్ చిత్రోత్సవంలో బహుమతులు తెచ్చుకున్న ఈ సినిమాను పాకిస్తాన్ ప్రభుత్వం 2022 నవంబరులో నిషేధించింది. తర్వాత సడలించినా, కథ జరిగిన పంజాబ్ రాష్ట్రంలో ఆడనివ్వలేదు.

దీన్ని చివర పెట్టింది హైదర్ కోసం కాదు, అతని భార్య ముంతాజ్ కోసం. ఆమె పెళ్లికూతుళ్లను అలంకరించే పని ఇష్టంగా చేసుకునేది. మొగుడికి కొలువు దొరగ్గానే ఆమెను మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారు. ఎవరూ ఆమెను కొట్టలేదు. గాలి ఆడని ఆ ఇంట్లో కడుపుతో ఉండగానే ఆమె ప్రాణం తీసుకుంటుంది. 'నిఖా చేస్తే అదే సర్దుకుంటుంది' అని మన ఇళ్లల్లో ఎంత తేలిగ్గా అనేస్తాం! సర్దుకోదు. ఒక బతుకు పోయేచోట రెండు పోతాయి. 'లిహాఫ్'లో బేగం జాన్‌ను కట్టుకుని గదిలో వదిలేసిన నవాబు కథ కూడా ఇదే. చుగ్తాయ్ చెప్పి ఎనభై ఏళ్లు దాటింది. కొడుకు సంగతి తెలిసి కూడా పరాయి ఆడపిల్లను మెహర్ రాసి తెచ్చుకునే తల్లిదండ్రులు ఈ సినిమా ఒక్కటైనా చూడాలి.

వారం అయిపోయింది. ఇప్పుడు ఇద్దరు పాఠకులతో రెండు మాటలు.

సెక్యులర్ మిత్రులకు. మీకు 'బోల్' నచ్చుతుంది, 'జాయ్‌ల్యాండ్' నచ్చుతుంది. ముస్లిం ఇల్లు జైలులా కనిపించే ప్రతి సినిమా మీకు ధైర్యంగల సినిమానే. 'ఫైర్' హాలు మీద పడినవాళ్లూ, 'అ!'లో ఆ ప్రేమను మనోవ్యాధి చేసినవాళ్లూ మా మొహల్లా వాళ్లు కారు. సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో 377 సెక్షన్‌ను తిరిగి నిలబెట్టిన కేసు చూడండి. అందులో జ్యోతిష్కుడు సురేశ్ కుమార్ కౌశల్, ముస్లిం పర్సనల్ లా బోర్డు, క్రైస్తవ సంఘాలు ఒకే వైపు ఉన్నారు. దేనికీ కలవని పెద్దలు దీనికి కలిశారు. నింద పంచితే అందరికీ పంచండి.

మనవాళ్లకు. 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షన్ కోరలు సుప్రీంకోర్టే పీకింది. 2023లో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. ఇక్కడ హలాల్, హరామ్ చర్చ పెట్టడం లేదు, ఆ చదువు నాది కాదు. దీన్‌ను వదలకుండా ఈ ప్రశ్నతో బతికిన మనుషులున్నారని మాత్రం చెప్తాను. పర్వేజ్ శర్మ డాక్యుమెంటరీ 'ఎ జిహాద్ ఫర్ లవ్' (2007)లో కనిపించే దక్షిణాఫ్రికా ఇమాం ముహ్సిన్ హెండ్రిక్స్ వాళ్లలో ఒకడు. 2025 ఫిబ్రవరి 15న ఆయన్ను కారులో కాల్చి చంపారు. వాదం ఎవరిదైనా కానివ్వండి, తుపాకీ ఎవరి జవాబో మనం తేల్చుకోవాలి. బాబ్రీ తర్వాత, గుజరాత్ తర్వాత, పేరు చూసి అద్దె ఇల్లు ఇవ్వని ఊళ్లల్లో తిరిగినవాళ్లం. పేరు చూసి మనిషిని తేల్చెయ్యడం ఎంత అన్యాయమో పుస్తకాలు చదివి నేర్చుకోనక్కర్లేదు.

ఈ ఏడు రోజుల్లో లేనిది కూడా చూడండి. తెలుగు మాట్లాడే ముస్లిం ఇంట్లో ఇలాంటి కొడుకో కూతురో ఉండి, వాళ్లు చావకుండా, పారిపోకుండా, పొద్దున లేచి పనికి వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే సినిమా ఒక్కటీ నా జాబితాలోకి రాలేదు. రచయితలూ దర్శకులూ ఎవరైనా ఇది చదువుతుంటే పెడన రండి. అద్దకం షెడ్లున్నాయి, రంగుల తొట్లున్నాయి, బందరు వెళ్లే బస్సుంది, ఉర్దూ తెలుగూ కలిసిన మాటుంది. పేర్లు ఏం పెట్టాలా అని భయపడకండి. ఠాక్రే తిట్టుగా ఇచ్చిన పేర్లే ఉన్నాయి కదా. షబానా అనే పెట్టండి, సైరా అనే పెట్టండి. చివరిదాకా బతికించండి.

ఆ బొమ్మ వచ్చేలోగా, రాత్రి దుప్పటి కింద వెలుగు కనిపిస్తే ఫోన్ లాక్కోకండి.